పిల్లరు మీద తారీఖు

సాలమ్మ ఎవరింటికి వెళ్లినా ముందు కుర్చీలో కూర్చోదు. గోడ మీద అరచెయ్యి పెడుతుంది. పెళ్లి మాటలకు పోయినా అంతే, పరామర్శకు పోయినా అంతే. ఈ అలవాటుతో కూతురు లతకు తల కొట్టేసినట్టు ఉంటుంది. "అమ్మా, జర చెయ్యి తియ్యే, వాళ్లేమనుకుంటరు?" అని పక్కనుంచి గిల్లుతుంది. సాలమ్మ తీయదు. ఇరవై రెండేళ్లు చేసిన పని ఆ చేతిని అంత తేలిగ్గా వదలదు మరి.

ఆమె పని గోడలకు నీళ్లు కొట్టడం. మేడ్చల్ నుంచి శామీర్‌పేట దాకా లేచిన ఇళ్లలో ఎన్నింటికో ఆమె చేతి పైపుతో నీళ్లు పట్టింది. ఇల్లు పూర్తయితే మేస్త్రీకి పేరొస్తుంది, ఇంజనీరుకు కారొస్తుంది, నీళ్లు కొట్టిన మనిషి ఎవరికీ గుర్తుండదు. కానీ సిమెంటు తాగాల్సినన్ని నీళ్లు తాగితేనే గట్టిపడుతుంది. తాగకపోయినా పైకి బాగానే కనబడుతుంది, రంగు వేస్తే ఇంకా బాగా కనబడుతుంది, రెండు వానాకాలాలు పోయాక అసలు సంగతి బయటపడుతుంది. అందుకే పిల్లర్లకు గోనె సంచులు చుట్టి పది రోజులు తడపాలి. గోడ మీద గిలాబు, అంటే సిమెంటు పూత, చేశాక వారం రోజులు నీళ్లు కొట్టాలి. స్లాబు మీద సిమెంటు, ఇసుక కలిపిన మాలుతో చిన్న చిన్న గట్లు పోసి, మడులు కట్టి, రెండు వారాలు నీళ్లు నిలబెట్టాలి. సాలమ్మ అంతకుముందు వరినాట్లు వేసిన మనిషి. పొలాలు ప్లాట్లయ్యాక ఆమె మడులు స్లాబు మీదికెక్కాయి, అంతే తేడా.

ఆమెకు చదువు రాదు, అంకెలొచ్చు. అవి కూడా సైట్లలోనే వచ్చాయి. పద్ధతిగా కట్టేవాళ్లు పిల్లరు పోసిన రోజే దాని మీద ఎర్ర రంగుతో తారీఖు రాస్తారు. ఆ తారీఖు నుంచి వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ ఆమె నీళ్లు కొట్టేది. అలా ఒకటి నుంచి ముప్పై ఒకటి దాకా నేర్చుకుంది. ముప్పై రెండుతో ఆమెకు ఎప్పుడూ పని పడలేదు.

భర్త రామయ్య పోయాక సాలమ్మ అల్వాల్‌లో కూతురు దగ్గరే ఉంటోంది. లత ఒక చిన్న దవాఖానలో నర్సు. అల్లుడు శ్రవణ్ మేడ్చల్ దగ్గర మందుల కంపెనీలో పనిచేస్తాడు. మనవరాలు సహస్రకు ఆరేళ్లు. మోకాళ్లు సతాయించడంతో ఏడాది కిందటే సాలమ్మ పని మానేసింది. ఇంట్లో ఇప్పుడు ఒకటే ముచ్చట. సొంతిల్లు కొనాలి. పెళ్లయినప్పటి నుంచి కూడబెట్టింది ఒకవైపు, ఇరవై ఏళ్ల బ్యాంకు లోను ఒకవైపు. ఒక్కసారే కొనగలరు. తప్పు ఇల్లు కొంటే ఇంకో ఇల్లు కొనే సంగతి ఈ జన్మకు లేదు.

నాలుగు ఆదివారాలు తిరిగి తిరిగి శ్రవణ్ చెప్పులు అరిగాయి గానీ ఏ ఇల్లు మంచిదో తేలలేదు. అన్ని ఇళ్లకూ ఒకే రకం గేటు, ఒకే రకం టైల్సు, ఒకే రకం నవ్వుతో బిల్డరు. చివరికి అన్నం తింటూ అడిగాడు.

"అత్తమ్మా, గిన్నేండ్లు సైట్ల మీద పనిజేసినవు గదా. నీకు తెల్సినోళ్లల్ల మంచి బిల్డరు ఎవరు?"

సాలమ్మ ముద్ద కూడా మింగకుండా చెప్పింది. "ధర్మేందర్."

ఆలోచించే పనే లేదామెకు. ధర్మేందర్‌ది శామీర్‌పేట పక్క ఊళ్లో భూములున్న కుటుంబం. ఐదారేళ్లుగా ఇళ్లు కట్టి అమ్ముతున్నాడు. తెల్ల చొక్కా నలగదు, మాట పొల్లుపోదు. సాలమ్మ చివరి ఐదేళ్లు పనిచేసింది అతని దగ్గరే. మొదటి రోజే "అక్కా" అన్నాడు. నీళ్లు కొట్టే మనిషిని అక్కా అన్న బిల్డరును ఆమె అప్పటిదాకా చూడలేదు. మేస్త్రీలతో పాటు ఆమెకూ కప్పులో చాయ్ ఇప్పించేవాడు. ప్రతి బతుకమ్మకూ చీర పెట్టేవాడు. ఎండలు ముదిరితే, "చాలక్కా, జర నీడకు కూసో, గింత ఎండల ఎందుకు పరేషాన్ అయితవు" అనేవాడు.

అంతకుముందు పనిచేసిన సుధాకర్‌ను తలుచుకుంటే ఇప్పటికీ ఆమెకు ఒళ్లు మండుతుంది. ఆయన నాగారం వైపు కడతాడు. పొద్దున ఏడింటికి వచ్చి ఒక్కో పిల్లరు దగ్గర ఆగి, గోనె సంచి పిండి చూసేవాడు. మంచి మాట అనేది ఆయన నోట రాలేదు. ఆరేళ్ల కింద బోనాలప్పుడు ఆమె ఎవరికీ చెప్పకుండా రెండు రోజులు ఊరికి పోయింది. తిరిగొచ్చేసరికి సంచులు ఎండి ఉన్నాయి. ముప్పై మంది ముందు అరిచాడు. "తినే కంచంల నీళ్లు లేకుంటే నీకు తెలుస్తది గదా, గిది నీకు కండ్లబడలేదా?" సాలమ్మ పైపు అక్కడే విసిరేసి వచ్చేసింది. మళ్లీ ఆ గేటు తొక్కలేదు.

పని మనిషిని మనిషిలా చూసినవాడు ఇల్లు కూడా అంతే బాగా కడతాడని ఆమె నమ్మింది. జీవితమంతా ఒరేయ్ ఒసేయ్ అనిపించుకున్న మనిషి ఎవరైనా అలాగే నమ్ముతుంది. అందులో ఆమెను తప్పుపట్టడానికి నాకైతే నోరు రాదు.

లతకు ఆ మాట చాలింది. శ్రవణ్ ధర్మేందర్‌కు ఫోన్ చేశాడు. శామీర్‌పేట దగ్గర ఆరిళ్ల వరసలో మూడోది మిగిలి ఉంది. తూర్పు ముఖం, కారు పట్టేంత జాగా, సహస్రకు వేరే గది. ఆదివారం అందరూ కలిసి చూడ్డానికి వెళ్లారు. రంగులు, గేట్లు పడ్డాక అది తను పనిచేసిన వరసేనని సాలమ్మ వెంటనే పోల్చుకోలేదు. నచ్చితే గురువారం బయానాగా కొంత డబ్బు ముందే ఇచ్చేయాలని అనుకున్నారు.

చూడగానే లత ముఖం వెలిగిపోయింది. వంటింట్లో నిలబడి పొయ్యి ఇక్కడ, ఫ్రిజ్ అక్కడ అని అప్పుడే సర్దేసుకుంటోంది. సాలమ్మ అలవాటుగా గోడ మీద చెయ్యి పెట్టింది. రంగు మెత్తగా తగిలింది. వెనక్కి వెళ్లి చూద్దామని తలుపు తీసింది. ప్రహరీ మూలన ఎండిపోయిన బోరు గొట్టం, దాని మీద బోర్లించిన పగిలిన తట్ట.

ఆ తట్టను బోర్లించింది తనే.

పోయిన ఏప్రిల్ అది. ఎండలు దంచుతున్నాయి. ఈ ఇంటి పిల్లర్లు లేచాయి, గోడలు లేచాయి, బోరు మాత్రం ఎండిపోయింది. ట్యాంకరు తెప్పిస్తానన్నవాడు తెప్పించలేదు. రెండు రోజులు తొట్టి అడుగున మిగిలిన నీళ్లు కొట్టాక, "ఇగ చాలక్కా, నువ్వు పో, నీ మోకాళ్లు సూస్కో" అన్నాడు ధర్మేందర్. ఆమెకు ఎంత సంతోషమైందంటే, ఇంటికి పోయి లతతో కూడా చెప్పుకుంది, ఎంత మంచోడో అని. పిల్లరు మీద తారీఖు చూద్దామన్నా ఈ సైట్లో ఎవరూ రాసేవాళ్లు కాదు. రాయకపోవడం కూడా ఆమెకు అప్పుడు హాయిగానే అనిపించింది. లెక్కపెట్టే బాధ తప్పింది కదా.

మెట్ల కింద రంగు పడని మూల ఒకటి కనబడింది. కొంగున కట్టుకున్న తాళంచెవితో గిలాబు మీద గీసింది. గీత పడలేదు, ఇసుక రాలింది. జలజలా రాలింది. నీళ్లు తాగని గిలాబే అలా రాలుతుంది.

ముందు గదిలోంచి ధర్మేందర్ గొంతు వినిపించింది. శ్రవణ్‌తో నవ్వుతూ అంటున్నాడు. "గట్టితనం గురించి నన్నేం అడుగుతవు తమ్మీ? గీ ఇంటికి నీళ్లు కొట్టింది మా సాలమ్మక్కనే. ఆమెనే అడుగు! ఏమక్కా?"

ఆమె లోపలికి రాగానే అందరూ ఆమె వైపు చూశారు. ధర్మేందర్ ఆమె కోసం కుర్చీ వేయించాడు. చాయ్ కప్పు చేతికిచ్చాడు. ఇరవై రెండేళ్లలో ఆమె కొట్టిన నీళ్లను ఒక్కడు నలుగురిలో గొప్పగా చెప్పాడు, అదీ నీళ్లు కొట్టని ఇంటి గురించి. సాలమ్మ తల అటూ ఇటూ కాకుండా ఊపింది. లత దాన్ని అవుననుకుంది.

రెండు రోజులు ఆమె సరిగ్గా తినలేదు. చెబితే కూతురి ఆశ కూలిపోతుంది. తన మాట మీదే ఇంతదాకా వచ్చారు. చెప్పకపోతే కూతురి ఇల్లే కూలుతుందేమో. కూలకపోయినా, ప్రతి వానకూ ఆ పిల్ల బకెట్లు పెట్టుకుంటూ బతకాలి. బుధవారం పొద్దున లత డ్యూటీకి తయారవుతుంటే సాలమ్మ చెప్పులేసుకొని గుమ్మంలో నిలబడింది.

"ఇయాల సెలవు పెట్టు బిడ్డా. ఒక ఇంటికి పోయొద్దాం."

"రేపు బయానా పెట్టుకొని ఇయాల ఏం ఇల్లే?"

"అందుకే రేపటికన్న ముందు పోవాలె."

మేడ్చల్ బస్ డిపో దాటాక లోపల ఒక కాలనీ ఉంది. మూడేళ్ల కింద ధర్మేందర్ కట్టిన ఇళ్లు. అక్కడ కూడా ఎండాకాలంలోనే, ధర్మేందర్ చాలన్నంత వరకే నీళ్లు కొట్టింది సాలమ్మ. నాలుగో ఇంట్లో నాగమణి అనే టీచరమ్మ ఉంటుంది. తలుపు తీసిన ఆమెకు సాలమ్మ దాపరికం లేకుండా చెప్పింది. "నా బిడ్డ గీ బిల్డరు ఇల్లే కొనాలనుకుంటాంది. మీ ఇల్లు ఎట్లున్నదో జర జూపిస్తరా అమ్మా?"

నాగమణి వాళ్లను నేరుగా పడకగదిలోకి తీసుకెళ్లింది. బీరువా గది నడి మధ్యలో నిలబడి ఉంది. గోడకు ఆనించి పెట్టడానికి లేదు. కింది నుంచి నడుము ఎత్తు దాకా గోడ ఉబ్బి, రంగు పెచ్చులు పెచ్చులుగా లేచింది.

"మనిషి మంచోడేనమ్మా," అంది నాగమణి. "ఎప్పుడు ఫోన్ జేసినా ఎత్తుతడు. మనుషులను పంపుతడు. వాళ్లొచ్చి తెల్ల సిమెంటు రుద్ది రంగేసి పోతరు. మళ్ల వానొస్తే మళ్ల గిదే కథ. మూడేండ్ల సంది బీరువాను నడుమ పెట్టుకొని దాని సుట్టు తిరుగుతున్నం."

బస్టాపులో కూర్చున్నాక సాలమ్మ మొత్తం చెప్పేసింది. ఎండిన బోరు, రెండు రోజుల నీళ్లు, తాళంచెవి గీత, అన్నీ. లత ముఖం ఎర్రబడింది.

"నువ్వే గదనే చెప్పింది! ధర్మేందర్, ధర్మేందర్ అని జపం జేసింది నువ్వే గద! ఆదివారం ఆయన అడిగితే తలూపింది నువ్వే గద!"

"నేనే."

"మరి అప్పుడెందుకు చెప్పలే?"

"నన్ను అక్కా అన్నడు బిడ్డా. ఎండల నీళ్లు కొట్టకు అంటే నా మీద పాయిరమనుకున్న. గోడకు ఎండ తగుల్తాంది అన్న సోయి నాకు రాలే. నీళ్లు కొట్టుడే నా పని, నేనే మర్చిపోయిన."

అంటూనే ఆమెకు ఏడుపొచ్చింది. లత కాసేపు అటు తిరిగి కూర్చుంది. రెండు బస్సులు పోయాయి. మూడో బస్సు వచ్చేలోపు లత తల్లి కొంగుతోనే తల్లి ముక్కు తుడిచింది. "పోనీ తియ్యి. బయానా ఇంక ఇయ్యలే గద. బతికిపోయినం," అంది. ఆ మాటతో ఇద్దరికీ ఊపిరి తిరిగింది.

సాయంత్రం శ్రవణ్ ధర్మేందర్‌కు ఫోన్ చేసి వద్దనుకున్నామని చెప్పాడు. ధర్మేందర్ బతిమాలాడు, ఇంకెవరో చెడగొట్టారన్నాడు. సాలమ్మ ఫోన్ లాక్కుంది. "ఎవ్వరు చెడగొట్టలే తమ్మీ, నేనే వద్దన్న. గా ఇంటికి నేను రెండు దినాలే కొట్టిన, నీకూ తెల్సు. నీ చీరలు, నీ చాయ్ నేను మరువ. గని మిగిలినోళ్లకు నా పేరు చెప్పి అమ్మకు." "సరే అక్కా" అని ధర్మేందర్ మెల్లగా అన్నాడు. ఫోన్ పెట్టేశాక ఆమెకు కోపం రాలేదు, జాలే కలిగింది.

ఇక మిగిలింది సుధాకర్ పేరు. ఆ పేరు చెప్పడానికి ఆమెకు ఇంకో మూడు రోజులు పట్టింది. చెప్పాక కూడా, "మీరు పోయి రండ్రి, నేను రాను" అని మొండికేసింది. శ్రవణ్ ఒప్పుకోలేదు. "నువ్వు లేకుంటే మేం గేటు రంగు జూసి వస్తం అత్తమ్మా," అన్నాడు.

నాగారంలో సుధాకర్ నాలుగిళ్లు కడుతున్నాడు. జుట్టు ఇంకాస్త నెరిసింది గానీ ముఖం అదే, చింతపండు నోట్లో వేసుకున్నట్టు. సాలమ్మ కూతురి వెనక నక్కి నిలబడింది. ఆయన కంటికి ఏదీ దాగదు.

"పైపు ఇసిరేసి పోయిన సాలమ్మవు గాదూ?"

"అవును సార్."

"బోనాలకు పోతున్నా అని ఒక్క మాట చెప్తే, గా రెండు దినాలు ఇంకొకళ్లను పెట్టుకుందును గద?"

ఆరేళ్లుగా ఆమె ఆ రోజును వందసార్లు తలుచుకుంది, ఆయన అరిచిన మాటలన్నీ అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి. ఈ చిన్న సంగతి మాత్రం ఒక్కసారి కూడా తట్టలేదు. "నిజమే సార్, చెప్పాల్సుండె," అంది. ఆయన కూడా గొంతు సవరించుకొని, "నేను గూడ అందరి ముంగట అట్ల అనాల్సింది గాదు," అని, ఎవరైనా విన్నారేమోనన్నట్టు అటూ ఇటూ చూశాడు.

గిలాబు ఇంకా చేయని ఇంట్లోకి ఆయన వాళ్లను తీసుకెళ్లాడు. ప్రతి పిల్లరు మీదా ఎర్ర రంగుతో తారీఖు ఉంది. సాలమ్మ ఒక్కోటీ పైకి చదివింది. సహస్ర ఆమె వెనకే చదివింది. ఆయన అయిదేళ్ల కింద కట్టిన ఇళ్ల చిరునామాలు శ్రవణ్‌కు రాసిచ్చి, "నన్ను అడగకండ్రి, గా ఇండ్లల్ల ఉంటున్నోళ్లను అడుగుండ్రి. నాకు చెప్పకుంట పోండ్రి," అన్నాడు. వాళ్లు వెళ్లి అడిగారు. మూడిళ్లలో బీరువాలు గోడకే ఆని ఉన్నాయి. ఒకాయన మాత్రం సుధాకర్ మాట దురుసు అని పావుగంట ఫిర్యాదు చేశాడు. అది విని సాలమ్మకు ఎందుకో ధైర్యం వచ్చింది.

అమ్మకానికి ఉన్నది చివరి ఇల్లు. పడమటి ముఖం, గదులు కాస్త చిన్నవి. శ్రవణ్ పనికి పోవడానికి ఇంకో అరగంట ఎక్కువ. లత మూడోరోజుకల్లా వంటింట్లో పొయ్యి ఎక్కడో నిర్ణయించేసింది. అనుమతుల కాగితాలు బ్యాంకు వాళ్లు చూశారు, తెలిసిన వకీలు చూశాడు. ఉగాది దాటాక బయానా ఇచ్చారు.

డాబా మీద ఆఖరి పొర మాలు వేయడం ఒక్కటే మిగిలింది. అది వేసిన మర్నాడు పొద్దున ఏడింటికి సుధాకర్ వచ్చేసరికి, పైన ఎవరో గట్లు పోస్తున్నారు. చీర నడుముకు దోపుకొని, మోకాళ్ల మీద గుడ్డలు కట్టుకొని సాలమ్మ మడులు కడుతోంది. అల్వాల్ నుంచి మొదటి బస్సుకే వచ్చేసింది.

"నా పనోళ్లున్నరు గద సాలమ్మా, నీకెందుకు?"

"ఉండనీయండ్రి. గీ ఇంటికి నేనే కొడ్త."

రోజూ వచ్చింది. పిట్టగోడ మీద తారీఖు రాయించుకుంది, వేళ్లు మడుచుకుంటూ లెక్కపెట్టింది. పద్నాలుగో రోజు సుధాకర్ పైకొచ్చి, "అయిపోయింది, ఇగ చాలు," అన్నాడు. ఆమె పైపు వదల్లేదు. "మీకు చాలేమో సార్. నా బిడ్డకు ఇంకో నాలుగు దినాలు గావాలె," అంది. ఆయన జీవితంలో మొదటిసారి ఒక పనిమనిషి చేతిలో ఓడిపోయి కిందికి దిగాడు.

ఆషాఢం రాకముందే గృహప్రవేశం చేశారు. ఆ తర్వాత పదిహేను రోజులకు అసలు వాన పడింది. మధ్యాహ్నం మొదలై మూడు గంటలపాటు ఆగకుండా కొట్టింది. వీధిలో నీళ్లు మోకాలెత్తు పారాయి. సహస్ర కిటికీ దగ్గర కేకలు పెడుతోంది. లత ఎందుకైనా మంచిదని రెండు బకెట్లు తెచ్చి హాల్లో పెట్టింది.

సాలమ్మ ఒక్కో గదికీ వెళ్లింది. గోడల మీద, మూలల్లో, బీరువా వెనక అరచెయ్యి పెట్టి చూసింది. స్టూలు ఎక్కి పైకప్పు కూడా తడిమింది. బతుకంతా గోడ తడిగా ఉందా అని చూసిన చెయ్యి అది. ఇవాళ ఎక్కడా చెమ్మ తగల్లేదు. స్టూలు దిగి అక్కడే నేల మీద కూర్చొని, చేతిని ఒళ్లో పెట్టుకొని ఏడ్చింది. లత పరుగెత్తుకొచ్చింది.

"ఏమైందే? కారుతాందా?"

"లేదు బిడ్డా. పొడిగుంది. అంతా పొడిగుంది."

లత కూడా పక్కనే కూలబడి నవ్వింది. కాసేపటికి సాలమ్మ కళ్లు తుడుచుకొని సుధాకర్‌కు ఫోన్ కలపమంది. వాన చప్పుడులో గట్టిగా అరిచింది. "సార్! పైకప్పు పొడిగుంది!"

"పొడిగ ఉండక ఏం జేస్తది?" అని అవతల నుంచి ఎప్పటి కసురే వచ్చింది. "నీళ్లు కొట్టింది నువ్వే గద."

ఈసారి ఆ మాటకు సాలమ్మ తల సరిగ్గా ఊపింది. తర్వాత లేచి, హాల్లో ఉన్న రెండు బకెట్లనూ తీసుకెళ్లి స్నానాల గదిలో పెట్టేసింది.